గుమ్మం దగ్గరి వెలుతురు

ఆ శనివారం మధ్యాహ్నం రత్నమాల చివరిగా చేసిన పని, ఆవపువ్వు రంగు పట్టుచీర భుజాన వేసుకుని షాపు గుమ్మం దాకా నడిచి వెళ్లడం. లోపలి దీపాల కింద అసలు రంగు తెలియడం లేదని, పగటి వెలుతురులో చూస్తానని ఒక పెళ్లికూతురి తల్లి పట్టుబట్టింది. మా పంజాగుట్ట షాపులో అది రోజుకి పదిసార్లు జరిగేదే. చీర నచ్చి ఆవిడ బిల్లింగ్ వైపు వెళ్లిపోయాక కూడా రత్నమాల గుమ్మంలోనే కాసేపు నిలబడింది. మొహం వెలుతురుకేసి ఎత్తి, ఉంగరపు వేలి కొసతో కళ్ల కింద మెల్లగా అద్దుకుంది. నేను మెట్ల మీద నుంచి చూశాను. చాల్లే సోకు, అనుకున్నాను.

ఆదివారం తెల్లవారేసరికి గుండెపోటుతో పోయింది. ఆమె బతికుండగా ఆమె గురించి నేను చివరిగా అనుకున్న మాట అదే.

మేమిద్దరం ఒకే నెలలో ఆ షాపులో చేరాం. ఆమెది రాజమండ్రి, నాది తెనాలి. ఇద్దరి కాపురాలూ అమీర్‌పేటలో, రెండు సందుల తేడాలో. పందొమ్మిదేళ్లు పట్టు సెక్షన్‌లో పక్కపక్కన నిలబడ్డాం, రాత్రి షాపు మూశాక మెట్రో స్తంభాల కింద నుంచి కలిసి నడిచి ఇంటికి వెళ్లాం. విరామంలో నేను ఏదో ఒకటి చదువుకుంటూనో రాసుకుంటూనో ఉంటానని నన్ను "రచయిత్రి గారూ" అని పిలిచేది. మొదట్లో వేళాకోళం, తర్వాత అలవాటు. పోనుపోనూ చీరలకున్న ధర చీటీలు కూడా నా చేతే చదివించేది. "చదువు నీది, చూపించడం నాది" అనేది. ఆ మాట కూడా నాకు గుచ్చుకునేది. అవును మరి, చూపించడం ఆమెదే.

పట్టు సెక్షన్‌లో చీరని బల్ల మీద పరిచి ఊరుకుంటే కుదరదు. కొంగు మా భుజాన వేసుకుని, కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని చూపించాలి. మా ఫ్లోర్ మేనేజర్ రాఘవేందర్ మాటల్లో చెప్పాలంటే, "కస్టమర్ చీర కన్నా ముందు మీ మొహం చూస్తదమ్మా." అందుకే వయసు కనిపించిన మనిషి పైకి వెళ్తుంది. జుట్టు నెరిసినా, కళ్లజోడు వచ్చినా, మోకాళ్లు పట్టేసినా రెండో అంతస్తుకే, మ్యాచింగ్ జాకెట్లు, ఫాల్స్, లంగాల దగ్గరికి. అక్కడ ఎవరి మొహమూ ఎవరూ చూడరు. ఈ రూలు ఎక్కడా రాసి ఉండదు. అందరికీ తెలుసు.

యాభై దగ్గరపడేసరికి నా మొహం నా మాట వినడం మానేసింది. పొద్దున అద్దుకున్న ఫౌండేషన్ పదకొండయ్యేసరికి మూతి పక్క గీతల్లోకి దిగిపోయేది. లిప్‌స్టిక్ పై పెదవి మీది సన్నటి ముడతల్లోకి పాకేది. కళ్ల కింద పౌడర్ ఎండిన చెరువు మట్టిలా పగిలేది. పగిలిన చోట మళ్లీ పౌడర్ వేసేదాన్ని. ముప్ఫై ఏళ్ల వయసులో నాకు పనిచేసిన మందు అదొక్కటే.

పొద్దున షాపు తెరిచేముందు మేం తయారయ్యే గదిలో, అదే అద్దం ముందు, నా ఎడమ పక్కన, నాకన్నా ఏడాది పెద్దదైన రత్నమాల మొహం మాత్రం రోజురోజుకీ తేటపడుతోంది. ఓరకంట చూసేదాన్ని. ముందు క్రీమ్ రాసుకుని, అది ఇంకేదాకా టీ తాగుతూ కూర్చునేది. ఆ తర్వాత శనగగింజంత ఫౌండేషన్, అదీ ముక్కు పక్కలా గడ్డం మీదా మాత్రమే. స్పాంజి పారేసింది, అన్నీ వేళ్లతోనే. పౌడర్ డబ్బా మూతే తీసేది కాదు. కాటుక కింది రెప్పకి మానేసి పైరెప్పకే సన్నగా గీసేది. ఎప్పుడూ వేసుకునే ముదురు ఎరుపు వదిలేసి, గులాబీ రంగు లిప్‌స్టిక్ వేలితో అద్దుకుని, అదే వేలిని రెండుసార్లు బుగ్గల పైభాగాన తాటించేది. అయిపోయింది. ఆ సమయంలో అద్దంలోకి సరిగ్గా చూసేది కూడా కాదు. అంత ధీమా ఏమిటా అని ఒళ్లు మండేది.

"ఏం రాస్తున్నావే ఈ మధ్య?" అని ఒకరోజు అడిగేశాను.

"ఏముంది, ఉన్నవే తక్కువ రాస్తున్నా" అంది.

నమ్మలేదు. తక్కువ రాస్తే అంత వెలుగు వస్తుందా? ఏదో ఖరీదైన డబ్బా ఇంట్లో దాచిందనుకున్నాను. దానికి తగ్గట్టు ఒక ఆదివారం, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుకు మెట్లు దిగుతూ కనబడింది. ఆ మెట్ల పైన సెరీనా అనే అమ్మాయి బ్యూటీపార్లర్ ఉంది, క్లాసులు కూడా చెబుతుంది. ఎక్కడి నుంచి వస్తున్నావంటే, ఫాల్స్ కుట్టడానికి ఇచ్చి వస్తున్నానంది. చేతిలో సంచి కూడా లేదు. ఈ పేటలో జావా నుంచి జర్మన్ దాకా అన్నీ నేర్పుతారు. ఈవిడ అందం నేర్చుకుంటోంది, నాకు చెప్పకుండా. ఆ రాత్రి అన్నం సహించలేదు.

నిరుడు శ్రావణానికి ముందు రాఘవేందర్ మా ఇద్దర్నీ పిలిచాడు. "ఈసారి పట్టుచీరలకు వీడియోలు తీస్తున్నం. మీ ఇద్దర్ల ఒక్కరే కింద ఉంటరు. ఎవరిది మంచిగ వస్తే వాళ్లు. ఏం అనుకోకుండ్రి" అన్నాడు.

ఆ రోజు పొద్దున నేను గంటసేపు అద్దం ముందు కూర్చున్నాను. ఉన్నవన్నీ రాశాను. చివర్లో భయమేసి, ఎంత కుళ్లుకుంటున్నా అడగడానికి ఆమె తప్ప నాకెవరూ లేరు కాబట్టి, రత్నమాలనే అడిగాను. "చూడవే, ఎలా ఉంది? కళ్ల కింద ఏమైనా పగిలిందా?"

నా గడ్డం పట్టుకుని దగ్గరికొచ్చింది. ఊపిరిలో లవంగం వాసన తెలిసేంత దగ్గరికి. కళ్లు చిన్నవి చేసి చూసింది.

"నున్నగా ఉంది. పెళ్లికూతురిలా ఉన్నారు రచయిత్రి గారూ, వెళ్లండి" అంది.

వెళ్లి నిలబడ్డాను. చీర వేసుకున్నాను, నవ్వాను, తిరిగాను. తర్వాత రాఘవేందర్ ఫోను నా వైపు తిప్పి, "మేడమ్, గీడ చూడుండ్రి. కళ్ల కింద మస్తు గీతలు. పౌడర్ జర ఎక్కువైంది" అన్నాడు, పాపం, మెల్లగానే. అయినా వెనక ఉన్న కొత్తమ్మాయిలు విన్నారు. ఒకమ్మాయి, "ఆంటీ సున్నం కొట్టించుకుంది" అని గుసగుసలాడితే ఇంకో అమ్మాయి నోరు మూసుకుని నవ్వింది.

నన్ను పైకి పంపారు. ఆ సాయంత్రం రత్నమాలని మెట్ల దగ్గర నిలదీశాను.

"అంత దగ్గర నుంచి చూశావు. కనబడలేదా నీకు?"

"కనబడలేదే" అంది.

"రాఘవేందర్‌కి కనబడింది. నిన్నగాక మొన్న చేరిన పిల్లలకి కనబడింది. నీకు కనబడలేదా?"

"లేదు మంజూషా. నిజంగా కనబడలేదు." పేరు పెట్టి పిలిచింది. అలా పిలవడం పందొమ్మిదేళ్లలో ఎన్నిసార్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"కింద చోటు కోసం ఇంత పని చేస్తావనుకోలేదు" అని వచ్చేశాను.

ఆ తర్వాత పదకొండు నెలలు మాట్లాడలేదు. నేను వేరే దారిన ఇంటికి వెళ్లేదాన్ని. ఒకసారి కోపం పట్టలేక ఫోన్‌లో బారెడు రాసి పంపాను. ఆమె అక్షరం ముక్క రాయలేదు, గొంతు రికార్డు చేసి పంపింది. నాకోసం నాలుగు మాటలు టైప్ చేసే తీరిక కూడా లేదన్నమాట అనుకుని, వినకుండానే చెరిపేశాను. పైన లంగాలు మడతపెడుతూ, కింద ఆమె నవ్వు వినిపించినప్పుడల్లా మడత మళ్లీ విప్పి పెట్టేదాన్ని.

పోయినప్పుడు చూడ్డానికి వెళ్లాను. మొహానికి ఏమీ లేదు, పసుపు తప్ప. "నిద్రపోతున్నట్టే ఉంది, ఎంత కళో" అంది పక్కనున్న ఒకావిడ. చచ్చిపోయి కూడా పొగిడించుకుంటోందని నా మనసులో కదిలింది. ఏడుస్తూనే అనుకున్నాను ఆ మాట. ఇప్పుడు అబద్ధం రాసి లాభం లేదు.

పన్నెండో రోజు దాటాక రాఘవేందర్ పైకి వచ్చాడు. "కింద మనిషి లేదు మేడమ్. సీజన్ మీద పడ్డది. సోమవారం సంది మీరే రావాలె. జర ఆ పౌడర్ సంగతి చూస్కోండ్రి" అన్నాడు.

నేను కోరుకున్న చోటే. ఆ ఆదివారం సెరీనా పార్లర్ మెట్లు ఎక్కాను. రత్నమాలతో పనిచేసేదాన్నని చెప్పాను. సెరీనా కళ్లు తుడుచుకుంది.

"ఆమెకి ఏది నేర్పావో నాకూ అదే నేర్పమ్మా. ఏం దాచకు" అన్నాను.

"దాచేదేముంది ఆంటీ? కూర్చోండి. ఫస్ట్ కళ్లు మూస్కోండి."

"అద్దం ఉందిగా?"

"రత్నమాల ఆంటీకి అద్దం లేకుండానే నేర్పిన. వేళ్లకు ఎక్కడ గరుకు తగిలితే అక్కడ ఆగాలె, ఎంత తక్కువ పెడితే అంత మంచిది, అట్ల. అద్దంల ఆమె మొహం ఆమెకే మసకగ కనబడుతుండె కదా."

నేను కళ్లు తెరిచాను.

"మీకు తెల్వదా?" అంది సెరీనా. "జోడు పెట్టుకుంటే పైకి పంపిస్తరని భయం ఆంటీకి. షాపుల ఎవ్వరికీ తెల్వనియ్యద్దు అని ఇంట్ల సుత పెట్టుకోకపోతుండె, అలవాటైతదని. ఇక్కడికొచ్చినప్పుడే పెట్టుకుని ఫోన్‌ల మెసేజ్‌లన్నీ చదువుకునేది." సొరుగు లాగి ఒక కళ్లజోడు డబ్బా తీసింది. "గిదే. ఎవరికియ్యాల్నో తెల్వక ఉంచిన."

డబ్బాలో జోడు కింద నాలుగు మడతలు పెట్టిన కళ్ల డాక్టరు చీటీ ఉంది. దగ్గరివి కనబడటానికి జోడు, రెండు కళ్లకీ ప్లస్ రెండున్నర. తేదీ, మా వీడియోకి ఏడాది ముందుది.