అత్త పటానికి లెన్సు

జమ్మలమడుగులో మా మేనత్త ఇంట్లో, నడింటి గోడకు, నా ఎడమచెయ్యి వేలాడుతూ ఉంది. మిగతా నేను ప్రొద్దుటూర్లో ఉంటాను, బడిలో సోషల్ పాఠాలు చెబుతాను. ఆ చెయ్యి అక్కడికి ఎట్లా పోయిందో ముందుగా చెప్పకపోతే, ఒక లెన్సు కోసం నేను పడిన అగచాట్లు ఎవరికీ అర్థం కావు.

మా వైపు బతికున్న మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ఫోటో తీసే అలవాటు లేదు, ఆధార్ కార్డుకు తప్ప. మనిషి పోయిన తర్వాత కర్మాంతరానికి పటం కావాలి గనక, అటక మీది పెళ్ళి ఆల్బములు దించుతారు. పోయినాయన ఏదో ఒక ఫోటోలో ఎవరో ఒకరి పక్కన నిలబడి ఉంటాడు. ఆ ఎవరో ఒకరిని కత్తిరించేసి, మిగిలినాయనను పెద్దది చేసి, దండ వేస్తారు. మా మామ పోయినప్పుడు ఆ ఎవరో ఒకరు నేనే. ఆ ఫోటో తీసిన పెళ్ళిలో మామే నా చెయ్యి లాక్కొని తన భుజం మీద వేసుకున్నాడు. ప్రొద్దుటూరు స్టూడియో ఆయన నన్ను తీసేశాడు గాని, చెయ్యిని తీయలేకపోయాడు. తీస్తే మామ భుజం పోతుందట. వెనక పెళ్ళిపందిరి చెరిపి నీలాకాశం, తెల్లమబ్బులు పెట్టాడు. ఇప్పుడు ఆ పటంలో మామ స్వర్గం గడప దగ్గర నిలబడి ఉంటే, మబ్బుల్లోంచి గడియారం పెట్టుకున్న చెయ్యి ఒకటి వచ్చి ఆయన భుజం పట్టుకొని ఉంటుంది. పరామర్శకు వచ్చిన ఒక ముసలమ్మ మామకు దండం పెట్టి, ఆ చేతికి కూడా పెట్టింది.

"నన్నెందుకు కోసినారు బావా?" అని ఆ రోజే అడిగాను. బావ అంటే అత్త కొడుకు. శనగ పండిస్తాడు, ధర వచ్చేదాకా అమ్మడు, ఊళ్ళో పంచాయితీలు చేస్తాడు.

"కోసింది యాడ బామ్మర్దీ, చెయ్యి పెట్నాం గదా" అన్నాడు, కర్మాంతరానికి వచ్చిన బంధువులందరి ముందర. అందరూ నవ్వారు. చావింట్లో నవ్వు రాకపోతే నన్ను చూసి తెచ్చుకున్నారు. ఎవరెవరు నవ్వారో నాకిప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను, వాళ్ళకు తెలుసు.

మామ సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక అత్త నన్ను దగ్గరికి పిలిచింది.

"అల్లుడా, నీ దగ్గర పెద్ద కెమెరా ఉండాదంట గదా."

"ఉండాది అత్తా."

"నా పటం ఇప్పుడే తీసి పెట్టు. నేను పోయినాక వీండ్లు నన్ను గూడా ఎవురి పక్కనుంచో కత్తరిస్తారు. నాకు మబ్బులొద్దు. ఎవురి చెయ్యీ వద్దు. కండ్లు తెరిచిండాల."

ఆ చివరి కోరిక చిన్నది కాదు. అత్తకు ఫ్లాష్ పడదు. వెలుగు కొట్టేలోపే కళ్ళు మూసేస్తుంది. మా బంధువుల పెళ్ళి ఆల్బములు ఎన్ని తిరగేసినా ఆమె నిద్రపోతూనే కనబడుతుంది. వడ్డిస్తూ నిద్ర, అక్షింతలు వేస్తూ నిద్ర. ఆమె కళ్ళు ఎట్లా ఉంటాయో తెలియాలంటే మనిషిని చూడాల్సిందే. మనిషి లేకపోతే ఇంక తెలియదు. అదే ఆమె బాధ.

"బతికుండంగనే పటమేందమ్మా, అపశకునం" అన్నాడు బావ. "అంతగా కావాలంటే నా ఫోన్లో తీస్తా. దానికి వేరే మోడ్ ఉండాది, వెనకంతా మసక జేస్తాది." అని అక్కడికక్కడే తీశాడు. ఫోన్ ఫ్లాష్ కొట్టింది. వెనక గోడ మసకగా, ముందర అత్త నిద్రగా వచ్చింది.

అత్త ఆ ఫోటో చూసి, "దీనికైతే ఇప్పుడే దండేయొచ్చు" అంది. తర్వాత నా వైపు చూసింది. తీస్తానని మాట ఇచ్చాను. మామ పటంలో నన్ను కోసిన ఇంట్లో, అత్త పటం నా చేతుల మీదుగా గోడకెక్కాలి. ఇది ఉదాత్తమైన ఆలోచన అని ఎవరన్నా అనుకుంటే వాళ్ళ ఇష్టం.

నా కెమెరా పెద్దదని అత్త అనుకుంటుంది. అది ఆ కంపెనీ చేసేవాటిలో అన్నిటికంటే చిన్నది. దానితోపాటు డబ్బాలో వచ్చిన లెన్సు ముందుకూ వెనక్కూ సాగుతుంది, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగుతుంది, ఎండలో బాగానే తీస్తుంది. ఇంట్లోకి తీసుకుపోతే గుడ్డిదైపోతుంది. అత్త ఇల్లు పాత మిద్దె. కింద నాపరాళ్ళు, పైన మట్టి కప్పు, ఆ కప్పులో వెలుతురు కోసం వదిలిన ఒక గవాక్షి. పగలంతా నడింట్లోకి వచ్చే వెలుగు దాంట్లోంచే. ఆ లెన్సుతో ఫ్లాష్ లేకుండా తీస్తే, బొమ్మ అదిరి అత్తకు రెండు నోళ్ళు వచ్చాయి. ఒక నోటితోనే ఆమెను తట్టుకోలేకపోతున్నామని బావ అన్నాడు. బయట ఎండలో కూర్చోమంటే, వీధిలో అందరి ముందర పటానికి కూర్చోవడానికి నేనేమన్నా పెళ్ళికూతురినా అని అత్త అంది.

కాబట్టి ప్రైమ్ లెన్సు కావాలి. దీనికి సాగే గుణం ఉండదు. ఉన్నచోటే ఉంటుంది, కావాలంటే మనమే ముందుకూ వెనక్కూ జరగాలి. ఈ ఒక్క లక్షణంతోనే అది నాకు నచ్చింది. పైగా కన్ను పెద్దది, తక్కువ వెలుగులో కూడా చూస్తుంది. నా జీతానికి అందేవి రెండే రకాలు: ముప్పై ఐదు మిల్లీమీటర్లది, యాభై మిల్లీమీటర్లది. ముప్పై ఐదులో కాస్త వెడల్పుగా కనబడుతుంది, ధర ఎక్కువ. యాభైలో మనిషి దగ్గరికి వస్తాడు, ధర తక్కువ. ఏది కొనాలో ఇంటర్నెట్‌లో అడిగితే, ప్రతివాడూ తాను ముందే కొనేసినదాన్ని కొనమన్నాడు. అడిగింది ఏమిటని ఒక్కడూ చదివినట్టు లేదు.

నేను నా పద్ధతిలో పరీక్ష పెట్టాను. పాత లెన్సును యాభై అంకె దగ్గర తిప్పి, కదలకుండా మందుల షాపు ప్లాస్టర్ అంటించి, అత్త ఇంటికి పోయాను. నడింట్లో వెనక్కి జరిగితే బావ శనగ బస్తాలు వీపుకు తగిలాయి. ధర కోసం ఎదురు చూస్తున్న బస్తాలు సగం నడిల్లు ఆక్రమించాయి. వాటికి ఆనుకొని చూస్తే అత్త తల నుంచి ఒడిలో పెట్టుకున్న చేతుల దాకా సరిగ్గా పట్టింది. ఇంకో మనిషి పక్కన నిలబడితే పట్టడు. ముప్పై ఐదైతే ఊపిరి పీల్చుకోవడానికి కాస్త చోటు ఉంటుందని నాకే అనిపించింది. నిజం చెప్పాలంటే అదే కొందామని తీర్మానించుకున్నాను.

కానీ ధర కనుక్కుందామని ప్రొద్దుటూర్లో ఆ స్టూడియోకే పోయాను. అదే ఆయన, అదే కత్తెర.

"పెండ్లిండ్లేమన్నా ఒప్పుకుంటాండారా సార్?" అన్నాడు.

"లేదు. మా అత్త ఫోటో తియ్యాల."

"ఒక్క అత్తకు లెన్సా సార్? అమ్మను ఈడికి పిల్చుకోని రాండి, నేనే తీసిస్తా. వెనక మంచి సీనరీ పెడతా."

"మబ్బులా?"

"మబ్బులుండాయి, ఊటీ ఉండాది, ఏది కావాలంటే అది."

"ఇంట్లోనే తీయాల."

"అట్లయితే ముప్పై ఐదు తీస్కోండి సార్. యాభై మీ కెమెరాకు మరీ దగ్గరైపోతాది. మనుషులు పట్టరు."

"మనుషులు పట్టకపోతే మీరేం చేస్తారో నాకు తెలుసు" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. టీ చెప్పమంటారా అన్నాడు. ఎవరెవరిని కోసిందో కత్తెరకు గుర్తుంటుందా.

ఆయన ఆ మాట అనకపోయి ఉంటే నేను ముప్పై ఐదే కొనేవాణ్ణి. అన్నాడు గనక యాభై కొనాల్సి వచ్చింది.

పులివెందులలో ఒకాయన పాత యాభైని సగం ధరకే అమ్ముతున్నాడని తెలిసింది. వెనకటికి పెళ్ళి ఫోటోలు తీసేవాడు, ఇప్పుడు మంచినీళ్ళ ప్లాంటు పెట్టుకున్నాడు. ఆదివారం బస్సెక్కి పోయాను. దుమ్ము తగలకూడదని నా కెమెరాను మాత్రం ఇంట్లో గుడ్డలో చుట్టి పెట్టి పోయాను. జాగ్రత్తపరుడికి జరిగేవి ఇట్లాగే జరుగుతాయి. ఆయన తన పెద్ద కెమెరాకు లెన్సు బిగించి ఒక నీళ్ళ క్యాను మీద పెట్టాడు. సర్రుమని తిరిగి ఫోకస్ పట్టింది. క్యాను మీది చెమట బొట్లు కూడా కనబడ్డాయి.

"మీ కెమెరా తెచ్చింటే దానికీ పెట్టి చూస్తాంటిమి సార్."

"బస్సులో దుమ్మని తేలా."

"అదీ నిజమే సార్" అన్నాడు. ఆ మాటలో ఉన్న సంతోషం నాకు ఇంటికి వచ్చాక అర్థమైంది. నా కెమెరాకు బిగించి నొక్కితే లెన్సు కదల్లేదు. ఉన్నచోటే ఉండే గుణం ఇంతగా ఉంటుందనుకోలేదు. ఫోన్ చేశాను.

"లెన్సు తిరగడం లేదప్పా."

"మీ కెమెరా చిన్నది సార్. దాంట్లో ఫోకస్ తిప్పే మోటారుండదు."

"లెన్సులో ఉంటాది గదా."

"కొత్తవాట్లో ఉంటాది. ఇది పాతది. దీన్ని కెమెరానే తిప్పాల."

"మరి చెప్పలేదే?"

"మీరు అడగలా గద సార్. చేత్తో తిప్పుకోండి, శానా బాగుంటాది."

వెనక్కి ఇచ్చేయవచ్చు. అందుకు మళ్ళీ పులివెందుల పోయి, నీళ్ళ క్యాన్ల మధ్య నిలబడి, నేను మోసపోయానని నా నోటితో చెప్పాలి. దానికంటే జన్మంతా చేత్తో తిప్పుకోవడం మేలనుకున్నాను. ఇక స్టూడియో ఆయన చెవిన పడితే, ముందే చెప్తిని గదా సార్ అంటాడు. కాబట్టి ఇంట్లో ఊరగాయ జాడీ మీద, మేడ మీది నీళ్ళ ట్యాంకు మీద, స్టాఫ్ రూమ్‌లో కునికే తోటి ఉపాధ్యాయుల మీద సాధన చేశాను. ఆ లెన్సు కన్ను పూర్తిగా తెరిస్తే ఒకే ఒక్క పొర స్పష్టంగా వస్తుంది. ముక్కు పదునుగా వస్తే కళ్ళు మసక. కళ్ళు వస్తే చెవులు పోతాయి. కదలని మనిషైతే సరే.

మా అత్త కదలని మనిషి కాదు.

మిట్టమధ్యాహ్నం గవాక్షిలోంచి వెలుగు దిగే వేళకు ఆమెను దాని కింద కుర్చీలో కూర్చోబెట్టాను. రోజూ కట్టే నూలు చీరే కట్టుకుంది. పట్టుచీర కట్టుకుంటే పటంలో ఉండేది ఇంకెవరో అవుతారట. నేను బస్తాలకు ఆనుకొని లెన్సు తిప్పడం మొదలుపెట్టాను. కళ్ళు స్పష్టంగా వచ్చే క్షణానికి ఆమె ముందుకు వంగి, "అయిందా?" అనేది. మళ్ళీ మొదటికొచ్చేది.

"కదలొద్దు అత్తా."

"నేను యాడ కదిలితి? నీ చేతులే వణుకుతాండాయి."

బావ గడపలో కూర్చొని పల్లీలు తింటున్నాడు. "బామ్మర్దీ, బోరింగు కొడతాండావా, ఫోటో తీస్తాండావా? నా ఫోనైతే ఇప్పటికి ఊరందర్నీ తీసేసింటాది."

"తీసింటాది, అందరూ నిద్రపోతా ఉంటారు" అన్నాను.

"ఆ లెన్సు యాడ కొన్యావు?"

"పులివెందుల."

"మోటారు లేనిదాన్ని అంటగట్నారంట గదా."

ఆ సంగతి ఆయనకు ఎట్లా తెలిసిందో నాకు ఈ రోజుకూ తెలియదు. కనుక్కోకుండా మాత్రం ఉండను. ఆ కోపంలో ఒక అడుగు వెనక్కి వేయబోయి బస్తాలను గుద్దుకున్నాను. పైనున్న బస్తా జారి, కుట్టు తెగి, శనగలు నాపరాళ్ళ మీద గలగలమని దొర్లాయి.

అంతే. అత్త బావ వైపు తిరిగింది. కుర్చీలో నిటారుగా అయింది.

"ఎన్ని తూర్లు చెప్పినా రా నీకు, ఈ బస్తాలు నడింట్లోనుంచి తీయమని? మీ నాయన పటానికి దీపం పెట్టుకోవాలంటే వీటి మీదెక్కి పోవాల. ధర ధర అంటావు. ఆ ధర వచ్చేలోపల నేను పోతా, నన్ను గూడా ఈ బస్తాల మీదనే పండబెట్టు."

ఇదంతా అంటున్నంతసేపూ ఆమె కదల్లేదు. తిట్టేటప్పుడు అత్త రాయి. కళ్ళు పూర్తిగా తెరిచి, రెప్ప వాల్చకుండా, గవాక్షి వెలుగు సూటిగా కళ్ళలో పడుతుండగా తిట్టింది. నేను తాపీగా లెన్సు తిప్పుకున్నాను, ఫోకస్ సరిచూసుకున్నాను, నొక్కాను. ఇంకా తిడుతూనే ఉంది గనక మళ్ళీ నొక్కాను. బావ మొదటిసారి నాకు ఉపయోగపడ్డాడు.

కెమెరా వెనక చిన్న తెరలో ఆమెకు చూపించాను. చాలాసేపు చూసింది. "ఇవి మా అమ్మ కండ్లు" అంది మెల్లిగా. తర్వాత, "ఇదే పెట్టు."

"తిడతాండే మనిషిని పటం కట్టిస్తారా యాడన్నా?" అన్నాడు బావ.

"నేను పోయినాక నిన్నెవురు తిడతారు మరి? అదే తిడతాది."

ప్రింటు కోసం ఫోటోను పెన్ డ్రైవ్‌లో వేసి, మబ్బులు వద్దు అని కాగితం మీద పెద్దగా రాసి అంటించాను. ప్రింటు తీయించి అద్దం కట్టించే పని బావ నెత్తిన వేసుకున్నాడు. శనగలు అమ్మడానికి ఎట్లాగూ ప్రొద్దుటూరు పోతున్నానన్నాడు. ఎవరి దగ్గరికి పోయాడో మీకు చెప్పనక్కర లేదు.

తర్వాతి వారం నేను పోయేసరికి బస్తాలు లేవు, పటం గోడకెక్కి ఉంది. మామ పక్కనే అత్త, దండ లేకుండా, అద్దానికి బొట్టు పెట్టి. మబ్బులు లేవు. ఎవరి చెయ్యీ లేదు. కళ్ళు నడింట్లో ఎక్కడ నిలబడినా మనల్నే అడుగుతున్నట్టున్నాయి. కింద కుడివైపు మూలలో మాత్రం, బంగారు రంగు అక్షరాలతో, స్టూడియో పేరు, దాని కింద సెల్ నంబరు.

"ఇదేంది?" అన్నాను.

"వాండ్లు ఏ ఫోటోకైనా అట్లనే ఏస్తారు బామ్మర్దీ" అన్నాడు బావ. "దానికి దుడ్లేం తీసుకోరు."

"తీసింది నేను. అది దించు. ఆ అంచు కోసేస్తే పోతాది."

వంటింట్లోంచి అత్త బయటికి వచ్చింది. "మళ్ళా కత్తెరేనా?" అంది. "ఎవురూ కత్తరించగూడదనే గదా నీ దగ్గరికొస్తి. అంచు కోస్తే నా చేతులు పోవా? ఉండనీ."

ఫోటో దగ్గరికి పోయి చూశాను. నిజమే. ఆ బంగారు అక్షరాలు సరిగ్గా ఆమె ఒడిలోని చేతుల పక్కనే ఉన్నాయి. ముప్పై ఐదుతో తీసి ఉంటే కింద ఇంకొంచెం చోటు ఉండేది. ఈ మాట స్టూడియో ఆయనకు నేను ఎప్పటికీ చెప్పను.

కుర్చీ లాక్కొని కూర్చున్నాను. ఎదురుగా రెండు పటాలు. ఒకదాంట్లో నా చెయ్యి ఉంది, పేరు లేదు. ఇంకోటి నేను తీసింది, పేరు ఆయనది. అత్త కాఫీ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, తన పటం వైపు ఒకసారి చూసుకొని పోయింది. అట్లా చూసుకోవడం అది మొదటిసారి కాదని నడకలోనే తెలిసింది.

బావ గొంతు సవరించుకున్నాడు. "బామ్మర్దీ, నాది గూడా ఒకటి తీసి పెట్టగూడదా? ఈ గవాక్షి కిందనే."

ఆయనను పై నుంచి కింది దాకా చూశాను. బస్తాలు పోయినా ఆయన పోలేదు.

"నువ్వు నా లెన్సులో పట్టవు బావా. ప్రొద్దుటూరికి పో, ఆడ ముప్పై ఐదుండాది."