సున్నం అంటని వైపు

మా ఇంట్లో ఒక బడి నడిచేది. గంట లేదు, గేటు లేదు, విద్యార్థులం ఇద్దరం. ఒకరు నా మనవరాలు, పదేళ్ల పిల్ల. రెండో విద్యార్థిని నేను. పంతులమ్మ మా కోడలు. చౌటుప్పల్‌లో హైవేకి రెండు గల్లీల అవతల మా ఇల్లు. వంటింటి పక్క గదే ఆ బడి.

పిల్లను బయటి బడి మాన్పించింది ఊరికే కాదు. ప్రశ్నలు ఎక్కువ అడుగుతోందని వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆ తర్వాత పొద్దున బస్సు హారన్ వినపడితే చాలు, పిల్లకు కడుపునొప్పి. మా కోడలు ఇంట్లోనే చెప్పుకుంటానంది. మందుల ఫ్యాక్టరీలో పనిచేసే నా కొడుకు ఒక్క ఏడాది గడువిచ్చాడు. "జూన్ వరకు నాకు నమ్మకం కుదరాలె. లేకుంటే మల్ల బస్సెక్కాల్సిందే" అన్నాడు.

ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట, ఈ పిల్లతోపాటే, ఒకే పలక మీద. పిల్ల ముందుకు వెళ్లిపోయింది, నేను ఒత్తుల దగ్గర ఆగిపోయాను. ఇంటి బడి పెట్టాకే మళ్లీ దారిలో పడ్డాను. అది మూతపడితే పిల్లతోపాటు నా చదువూ పోతుంది.

లెక్కల్లో పిల్లకు తిరుగు లేదు. చిక్కంతా చరిత్రతోనే. పుస్తకం తీస్తే చాలు మొహం మాడ్చుకునేది. "ఎవడో పుట్టిండు, ఎవడో సచ్చిండు. నాకెందుకమ్మా?" అనేది. కొడుకు ఆ మాట విన్నాడు. "సూసినవా? బడి లేకుంటే గిట్లనే ఉంటది" అన్నాడు కోడలితో.

కోడలు తగ్గలేదు. "పుస్తకం పక్కన పెడదాం. చలి తగ్గినంక మూడుసార్లు బయటికి తీస్కపోదాం. ఒకటి నేను ఆలోచిస్త, ఒకటి నువ్వు. మూడోది అత్తమ్మ."

"నేనా? నాకేం తెల్సు?" అన్నాను. అన్నానే గానీ లోపల ఎగిరి గంతేసినంత పని అయింది. జీవితంలో పెళ్లిళ్లకు, చావులకు, దవాఖానకు తప్ప ప్రయాణం కట్టని దాన్ని. ఆ రోజే ఒక నోటుబుక్కు తెప్పించుకుని, మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "మా యాత్ర" అని రాసుకున్నాను. యాత్రలో ఒత్తు సరిగ్గా పడిందో లేదో పిల్లను అడిగి ఖాయం చేసుకున్నాను.

కోడలు పానగల్లు తీసుకుపోయింది. నల్గొండలో బస్సు దిగి ఆటో ఎక్కాం. అక్కడి పాత శివాలయంలో లింగం వెనక ఒక కంబం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. పిల్ల నమ్మలేదు. "ఏ కంబం నీడో పట్టుకుంట" అంది. నన్ను మండపంలో ఒక్కో కంబం పక్కన నిలబెట్టింది. "అవ్వా, జర పక్కకు జరుగు. చెయ్యి లేపు. ఇప్పుడు దించు." ఊళ్లో కోతులను ఆడించేవాడు కూడా అంత ఆడించడు. వెలుగు ఎటు నుంచి వస్తే నీడ ఎటు పడుతుందో కాగితం మీద గీతలు గీసుకుంది. ఆ రాజుల పేర్లు మాత్రం ఒక్కటీ గుర్తు పెట్టుకోలేదు.

కొడుకు భువనగిరి కోటకు తీసుకుపోయాడు. ఎక్కడానికి గంట, తినడానికి పావుగంట, దిగడానికి ముప్పావు గంట అని ఫ్యాక్టరీ షిఫ్టు వేసినట్టు వేశాడు. నేను సగంలోనే కూలబడ్డాను. పైకి పోయి వచ్చిన పిల్లను "ఏం సూసినవ్?" అని అడిగితే "డాడీ వాచీ సూసిన" అంది. కొడుకు మొహం చిన్నబోయింది. కానీ ఆ కోపం కూడా ఇంటి బడి ఖాతాలోకే పోయింది.

ఇక మిగిలింది నాది.

నాకు కోటలు తెలియవు. తెలిసింది ఒక్కటే, మా అత్తగారి ఊరి రాయి. కొత్తకోటలో బస్సు దిగి ఆటోలో లోపలికి పోవాలి. అక్కడ ఈదమ్మ గుడి పక్కన నా ఎత్తు రాయి ఒకటి నిలబడి ఉంటుంది. ఉగాది దాటాక వచ్చే ఈదమ్మ పండుగకు దానికి సున్నం వేసి ఎర్రమట్టి జాజుతో పట్టీలు దిద్దాలి. ఆ పని మా ఇంటి కోడళ్లది. తడి గుడ్డతో సున్నం పూస్తుంటే వేళ్లకు గుండ్రటి గుంతలు తగిలేవి, వరసగా, కుట్టు వేసినట్టు. వాన కొట్టిన మచ్చలనుకున్నాను. పలక పట్టి 'ర' దిద్దిన రోజు నా వేళ్లకు అదే తిప్పుడు మళ్లీ తగిలింది. అప్పుడు నోరు విప్పలేదు, నవ్వుతారని. ఇప్పుడు విప్పాను.

కోడలు చేతిలో గరిటె వదిలేసింది. "అత్తమ్మా, అది శాసనం కావచ్చు! ఎవరన్న సూసిన్రా?"

"ఎవరు సూస్తరు? సున్నం కింద ఉండె."

పిల్ల మొదటిసారి తల ఎత్తింది. "రాయి మీద రాసిన్రా? ఏం రాసిన్రు?"

"చదవరాకనే గదా సున్నం ఏసిన!"

ఇక నా తయారీ చూడాలి. సున్నం వానకు కొట్టుకుపోతుంది, చలికి రాలిపోతుంది. మళ్లీ పండుగ వచ్చే ముందు రాయి మీద అన్నిటికంటే తక్కువ సున్నం ఉంటుంది. కాబట్టి ఉగాదికి వారం ముందు పోవాలి. ఈ లెక్క నోటుబుక్కులో రాసి కోడలికి చూపించాను. "ఏ పంతులూ గింత తెలివిగ ముహూర్తం పెట్టడత్తమ్మా" అంది. నేలకు ఆనలేదు నా కాళ్లు. బస్సులు రాసుకున్నాను. జొన్నరొట్టెలు, నువ్వుల పొడి, నీళ్లు, తెల్ల కాగితాలు, పెన్సిళ్లు. కొడుకు సెలవు రోజు చూసి ముందే చెప్పి పెట్టాను. దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని ఊళ్ల బోర్డులు గట్టిగా పైకే చదివాను. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. చూస్తే చూడనీ.

ఊళ్లో మా యారాలు, అంటే నా మరిది భార్య, ఎదురొచ్చింది. "ఏందక్కా, నన్ను సూడనీకి ఎన్నడు రాలే, రాయిని సూడనీకి వచ్చినవా?"

"నువ్వు గా రాయి కంటె ముసల్దానివైనంక నిన్ను గూడ సూడనీకి వస్త తియ్యి" అన్నాను.

గుడి మలుపు తిరిగాను. కాళ్లు ఆగిపోయాయి.

రాయి ధగధగా మెరుస్తోంది. కింద నుంచి పై వరకు పసుపు రంగు, మీద ఎర్ర పట్టీలు. ఒక్క గీత లేదు, ఒక్క గుంత లేదు.

"సున్నమేది?"

"ఇంకా సున్నమేందక్కా! ఆయిల్ పెయింట్ ఇది. ఏటేటా ఇంకో కోటింగ్ ఇస్తున్నం. వాన పడ్డా బొట్టు దిగది" అంది యారాలు గొప్పగా.

నేను ఊరు విడిచి ఎన్నేళ్లయిందో నా లెక్కలో రాసుకోలేదు. సున్నం గురించి అంత ఆలోచించాను గానీ, డబ్బా పెయింటు ఈ ఊరికి కూడా వస్తుందని తట్టలేదు.

కొడుకు జేబులోంచి తాళంచెవి తీశాడు. "జర గీకి సూద్దాం."

యారాలు అడ్డం వచ్చింది. "చెయ్యి పెడితె ఊకోను కొడకా. ఈదమ్మ రాయి అది. నీ ఫ్యాక్టరీ డబ్బా కాదు."

కొడుకు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "పెయింటు సూడనీకి గింత దూరం వచ్చినమన్నట్టు" అన్నాడు కోడలి వైపు చూడకుండా. కోడలు నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది. పిల్ల చెప్పుతో మట్టి గీస్తోంది. జూన్ నా కళ్ల ముందు నిలబడింది. బస్సు, హారన్, కడుపునొప్పి, మూలన నా పలక.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి సిగ్గుపడ్డాను కూడా. ఆ రాయికీ గుడి గోడకూ మధ్య సన్నటి సందు ఉంది. పండుగ పనుల్లో ఆ సందులో దూరి వెనక వైపు సున్నం పూసే ఓపిక నాకు ఎన్నడూ లేదు. ముందు, పక్కలు పూసి, పని అయిపోయిందని మా అత్తకు చెప్పేదాన్ని.

యారాలి ముందు ఒప్పుకోక తప్పలేదు. "ఏమే, నేనెన్నడు వెనక దిక్కు సున్నం వెయ్యలే."

యారాలు నన్ను చూసింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నువ్వు ఎయ్యలేదని నేనూ ఎయ్యలే అక్కా! నా కోడలైతే అటు దిక్కు కూడ సూడది!"

ఆ మాట పూర్తి కాకముందే పిల్ల సందులో ఉంది. మాకెవరికీ పట్టని సందు దానికి సరిపోయింది. కొడుకు ఫోన్ లైటు వేసి లోపలికి చేయి చాపాడు.

"ఏమన్న కనబడుతుందా బిడ్డా?"

"ఉత్త రాయే డాడీ."

 పిల్ల తల అటూ ఇటూ తిప్పి చూస్తూ ఇంకాస్త లోపలికి జరిగింది. తర్వాత అరిచింది. "డాడీ, ఎదురుంగ కొట్టకు! నీడ పడాలె. పక్క కెల్లి కొట్టు, రాయికి ఆనిచ్చి!"

"చెయ్యి అందుతలేదు."

"పండుకో!"

సెలవు రోజు వేసుకునే తెల్ల అంగీతో నా కొడుకు మట్టిలో బోర్లా పడుకున్నాడు. వెలుగు రాయి మీద అడ్డంగా పాకింది.

"అమ్మో! అవ్వా! మొత్తం రాసిన్రు! కిందిదాకా!"

నేనూ గోడకు ఒరిగి సందులోకి తల పెట్టాను. ఒక్కో గుంతకూ నీడ పడి అక్షరాలు వరసలుగా లేచి నిలబడ్డాయి. చదవబోతే ఒక్క మాట అర్థం కాలేదు. కానీ రెండో వరసలో గుండ్రంగా, నా పలక మీదిలాంటిదే ఒకటి. "ర!" అని అరిచాను. "బిడ్డా, అది ర నే!" మా యారాలు నాకు ఈదమ్మ పూనిందనుకుంది.

పిల్ల రాయి మీద కాగితం అదిమి పెన్సిల్ అడ్డంగా రుద్దింది. నాలుగు కాగితాలు అయ్యాయి. మొహం, మోచేతులు మట్టి. తిరుగు బస్సులో దాని నోరు మూతపడలేదు. ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఊరివాళ్లకు అప్పుడు చదవొచ్చా, వస్తే ఎప్పుడు మరిచిపోయారు. నా కొడుకు ప్రతిదానికీ "నాకు తెల్వదు బిడ్డా" అనే చెప్పాడు. అన్నిసార్లు ఆ మాట అంటూ అంత నిమ్మళంగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

కాగితాలు గదిలో గోడకు అంటించాం. కోడలు పాత అక్షరాల పట్టిక ఒకటి సంపాదించింది. పిల్ల రోజుకో అక్షరం పోల్చేది, నేను దాన్ని నోటుబుక్కులోకి ఎక్కించేదాన్ని. రాజుల పాఠం పిల్లే తీసింది, ఆ రాత కాలం ఎవరిదో పట్టుకోవడానికి. కొడుకు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడిచేలోపే గోడ వైపు చూసేవాడు.  జూన్ గురించి ఏం తేల్చుకున్నాడో తెలియక నాకు భయమేసేది.

జూన్‌లో బళ్లు తెరిచిన రోజు పొద్దున పసుపుపచ్చ బడి బస్సు మా గల్లీలోకి వచ్చి హారన్ కొట్టింది. పాత జాబితాలో పిల్ల పేరు ఉండిపోయిందట. కోడలి చేయి చపాతీ మీద ఆగిపోయింది. నేను పిల్ల వైపు చూశాను. అది కడుపు పట్టుకోలేదు, గోడ ముందు నిలబడి మూడో వరస లెక్కపెడుతోంది. కొడుకు బనియన్ మీదే బయటికి పోయాడు. బస్సు వెనక్కి తిప్పుకున్న చప్పుడు వినిపించింది.

"ఏమన్నవ్ రా?" అని అడిగాను లోపలికి రాగానే.

"ఇగ మా ఇంటి కాడ ఆపకుమన్న" అన్నాడు. నన్ను భుజం పట్టి పక్కకు నెట్టి గోడ ముందు కూర్చున్నాడు. "జర జరుగమ్మా. మూడో వరుసల నిన్న నాకొకటి దొరికింది."