నీటిబుడగల కార్జం

కినత్తుకడవు దగ్గర మా కొబ్బరితోటలో ఏటా ఇంటిదేవతకు పొట్టేలును కోస్తారు. దాని కార్జం మీద నీటిబుడగలు కనిపిస్తే అవ్వ మనుషులకు వండనివ్వదు. అది దేవత వేలు పెట్టిన చోటట. పారేస్తే దోషమని పచ్చిదే కాపలా కుక్కకు వేసేది. ఆ కుక్కతో తప్ప నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. మోటారుగది మెట్ల మీద దాని తల ఒళ్లో పెట్టుకుని పుస్తకం చదువుతూ, దాన్ని నిమిరిన చేత్తోనే మురుకులు తినేదాన్ని.

ఇరవైమూడో ఏట కుడి డొక్కలో బరువు మొదలైంది. పీలమేడులో డాక్టరు స్కాన్ చూసి, కార్జంలో టెంకాయంత నీటితిత్తి ఉందన్నారు. పచ్చి కార్జంలోంచి కుక్కకు పురుగు వస్తుందని, కుక్క ఒంటి మీది ఆ పురుగు గుడ్లు నా చేతులకు అంటి నోట్లోకి వెళ్లి ఉంటాయని చెప్పారు. అవ్వ అక్కడే కూర్చుని వింది.

"కుక్కతో మూతి రాసుకుంటివి. అనుభవించు" అంది నాతో.

మర్నాడు పొద్దున తోటలో కుక్క గొలుసు మాత్రమే ఉంది. నాయన గోనెసంచి కడిగి ఆరేస్తున్నాడు.

తిత్తి తీయడానికి రెండు దారులున్నాయి. కడుపు మీద నాలుగు చిన్న రంధ్రాలు, మా మాటలో ఓట్టలు, పెట్టి, కెమెరా గొట్టంతో చూస్తూ తీయొచ్చు. లేదా పక్కటెముకల కింద జానెడుకు పైగా కోసి తీయొచ్చు. తిత్తి ముందువైపు ఉంటే రంధ్రాలే మేలని, తొందరగా లేచి తిరగొచ్చని డాక్టరు అన్నారు. నాది కార్జం వెనక, పైన ఉంది. గొట్టాలు అక్కడికి సరిగా అందవు. నీరు కారితే బల్ల మీదే ప్రాణం పోవచ్చు, పోకపోయినా ఆ నీటితో కడుపంతా కొత్త తిత్తులు మొలవచ్చు. కోస్తే చుట్టూ మందుగుడ్డలు పరిచి జాగ్రత్తగా తీయగలనన్నారు.

ఈ మాట తుడియలూరులో ఉన్న మా అత్తకు చేరింది. ఆమె నాయనకు అక్క. వాళ్ల కొడుక్కి నన్ను చిన్నప్పుడే అనుకున్నారు. మాలో పెళ్లిపొద్దున పెళ్లికూతురికి మేనత్తే చీర కట్టాలి, బంధువుల ఆడవాళ్లందరూ చుట్టూ ఉండగా.

"ఓట్టలైతే సెరి" అంది అత్త. "నరికేదైతే వొద్దు తమ్ముడా. చీర కట్టేది నేను. అంత తళుంబు మచ్చ చూస్తే, లోపల ఏమేం తీసేసినారో అని అడగరా?"

నాయన సెరి అక్కా అన్నాడు. అమ్మ నా తల దువ్వుతూ, ఓట్టలే అమ్మిణి, పయపడొద్దు అంది. నా కడుపు గురించి నాలుగు రోజులు మాట్లాడారు. నన్ను ఎవరూ అడగలేదు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగారు, నువ్వేం చెబుతావమ్మా అని. అత్త నా పక్కనే నిలబడి ఉంది. ఒప్పుకోలు కాగితం కోసం చెయ్యి చాపాను. కాగితం ఇంగ్లీషులో ఉంది. మా ఇంట్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కదాన్నే. కోత అని ఉన్న చోట గుర్తు పెట్టి, సంతకం చేసి ఇచ్చాను. డాక్టరు చదివి నా మొహం చూశారు. నేను తలూపాను. ఓట్టలకే రాసినావు కదా అని అత్త అడిగితే దానికీ తలూపాను.

ఆపరేషన్ అయిన మూడో రోజు అత్త వచ్చింది. దుప్పటి ఎత్తి, కట్టు మీద జాన పెట్టి కొలిచింది. ఆ బరువుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఇంక నీకు చీర నర్సులే కట్టాల" అంది. తెచ్చిన నారింజపళ్లు పక్క మంచం ఆమెకు ఇచ్చి వెళ్లిపోయింది.

ఆరు నెలల తరువాత స్కానులో ఏమీ లేదు. అత్త కొడుకు పెళ్లి అయిపోయింది. మమ్మల్ని పిలవలేదు. తిత్తి ఓట్టలతోనే పోయుండునేమో అని నాయన ఇప్పటికీ అన్నం తింటూ అంటాడు, నా వైపు చూడకుండా.

ఈ ఏడు పొట్టేలు కార్జం మీద మళ్లీ బుడగలు వచ్చాయి. అవ్వ దాన్ని తీసుకుని కొత్త కుక్కపిల్ల దగ్గరికి నడిచింది. నేను ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

"దేవత ముక్కే అది. మళ్లీ దోషం పట్టించుకుంటావా?" అంది అవ్వ.

కార్జం పూడ్చడానికి గుంట తవ్వుతుంటే కోత లాగింది. నడుము లోతు అయ్యేదాకా ఆపలేదు.