పసుపు కింద పోయిన గురువారం

నా చిన్నప్పుడు మా తాతయ్య కార్డు రాయడానికి కూర్చున్నారంటే ఇంట్లో ఆడవాళ్ళందరూ మొహామొహాలు చూసుకునేవారు. ఆ పూటకిక అంతే. రేడియో కట్టెయ్యాలి, పిల్లలు వీధి అరుగు మీదికి పోవాలి, పప్పు మాడినా సరే ఎవరూ ఆయన్ని పలకరించకూడదు. ఒక్క పోస్టుకార్డు ముక్కకి ఇంత హడావుడేంటని నాకు పదేళ్ళ వయసులోనే ఒళ్ళు మండేది.

మాది పెద్దాపురం. తాతయ్యది మామిడికాయల వ్యాపారం. చుట్టుపక్కల తోటల్లో కాయ కోతకి వస్తోందనగానే బరంపురంలో ఉండే షావుకారుగారికి కార్డు రాసేవారు. కార్డులో ఏ రోజు రాస్తే ఆ రోజుకి ఆయన లారీ పంపేవారు. ముందురోజే కాయ కోయించి, గడ్డి పరిచి, తోటలో కుప్ప పోసి ఉంచేవారు. వ్యాపారమంతా ఇంతే. కార్డులో చెప్పాల్సింది కూడా ఒక్క ముక్కే, ఫలానా రోజుకి లారీ పంపండి అని.

ఆ ముక్క తప్ప మిగతావన్నీ ఉండేవి మా తాతయ్య కార్డులో. మహారాజరాజశ్రీతో మొదలయ్యేది. ఇచ్చట మేమందరమూ క్షేమము, అచ్చట మీ క్షేమ సమాచారములు తెలియజేయ గోరెదను అని రాసి, ఆ తరువాత వాళ్ళింట్లో పెద్దలందరినీ వరసగా అడిగి, పిల్లలకి దీవెనలు చెప్పి, మా ఊళ్ళో ఎండలెలా ఉన్నాయో వర్ణించి, వాళ్ళ ఊళ్ళో ఎలా ఉన్నాయని విచారించి, ఉభయకుశలోపరి అనేసరికి కార్డు అయిపోయేది. అప్పుడు గుర్తొచ్చేది లారీ! ఇక కార్డుని పక్కకి తిప్పి, అంచు వెంబడి చీమల బారులా రాసుకుంటూ పోయి, చివరికి రోజు, తేదీ ఏ మూలనో ఇరికించేవారు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని బజారంతా పొగిడేవారు. ఆ పొగడ్తే కొంపలు ముంచింది.

ఇంకో సంగతి. సరుకు కబురంటే శుభవార్త కాబట్టి కార్డుకి నాలుగు మూలలా పసుపు పెట్టాలి. మా ఇంట్లో ఆ పని నాది. గిన్నెలో పసుపు తడిపి, వేలితో శ్రద్ధగా నాలుగు మూలలా రుద్ది, ఆరబెట్టి నేనే వెళ్ళి డబ్బాలో వేసి వచ్చేదాన్ని.

ఆ ఏడు మొదటి కోత ఒక మామ్మ తోటలో. మొగుడు పోయాక ఒంటి చేత్తో ఆ తోట కాపాడుకుంటూ వస్తోంది ఆవిడ. ఏడాదికంతా ఆవిడ చేతికొచ్చే పంట అదొక్కటే. గురువారం లారీ అని తాతయ్య చెబితే, బుధవారమే కూలీలని పెట్టి అప్పటికి కోతకొచ్చిన కాయంతా దింపించి కుప్ప పక్కనే కూర్చుంది. గురువారం లారీ రాలేదు. శుక్రవారం రాలేదు. టెలిగ్రాం ఇద్దామని మా నాన్న నసుగుతుంటే తాతయ్య కస్సుమన్నారు. "రాశానంటే రాశాను. వాళ్ళు పెద్దమనుషులు, వస్తుంది" అని కూర్చున్నారు. మే నెల ఎండలు. కుప్పలో కాయ కాగిపోతోంది, ఈయన మాత్రం వీధి చివరికి చూస్తూ మీసం దువ్వుకుంటున్నారు. ఇప్పుడు తలుచుకున్నా నాకు చిర్రెత్తుకొస్తుంది.

శనివారం ఇక ఆగలేక నాన్న టెలిగ్రాం ఇచ్చి వచ్చారు. లారీ వెంటనే పంపండి, అంతే. సోమవారం తెల్లవారేసరికి లారీ తోట దగ్గరుంది. కానీ అప్పటికి కాయ సగానికి పైగా పండి, అడుగున నీరు కారిపోతోంది. అలాంటి సరుకు బరంపురం దాకా ఆగదు. ఊళ్ళో అమ్ముదామంటే ఆ రోజుల్లో ఏ ఇంట చూసినా మామిడిపళ్ళే, ఎవరికి కావాలి?

లారీ డ్రైవరు మా అరుగు దగ్గరికొచ్చి జేబులోంచి తాతయ్య రాసిన కార్డే తీసి ఇచ్చాడు. "ఇందులో ఏ రోజుకి పంపమన్నారో మిమ్మల్నే చూపించమన్నారండి మా షావుకారుగారు. లారీ అని ఉందిగానీ రోజు కనబడలేదండి. ఇంకో కార్డు వస్తుందేమోనని చూశారండి" అన్నాడు.

తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని చూశారు. కార్డు తిప్పారు, పక్కకి తిప్పారు, తలకిందులు చేశారు. ఆయన రాసిన కార్డులో ఆయనకే గురువారం దొరకలేదు. చివరికి కిందనున్న కుడి మూల నా పసుపు కింద నీలం సిరా అలుక్కుపోయి ఒక మరక కనిపించింది. అదే గురువారం.

ఇంకేముంది, నా మీద విరుచుకుపడ్డారు. పసుపు పెట్టవే అంటే గోడకి పూసినట్టు పూసిందన్నారు. మామ్మ నోటి దగ్గర కూడు పోగొట్టానన్నారు. ఆ మాటకి నేను స్తంభం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. నిజంగానే నా వల్లే పోయిందనుకున్నాను మరి.

పక్కింటి అక్క పోస్టాఫీసులో టెలిగ్రాంలు కొట్టే ఉద్యోగం చేసేది. డ్యూటీకి వెళ్తూ నా ఏడుపు విని లోపలికొచ్చింది. కార్డు చేతిలోకి తీసుకుని పైనుంచి కింది దాకా చదివింది. "పిల్ల పసుపు మూలల్లోనే పెట్టిందండి తాతగారూ. మూలకి తోసింది మీరే" అంది. మా ఇంట్లో ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు అంతకుముందు లేరు. ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది.

రెండో కోత పది రోజుల్లో ఉంది. అదీ పోతే మామ్మకి ఏడాదంతా పస్తే. అక్క మళ్ళీ వచ్చి దగ్గర కూర్చుంది. షావుకారుగారు బస్సెక్కేశారనుకోండి, బస్సు కదులుతోంది, ఒక్క మాటకే టైముంది, ఏం చెబుతారని అడిగింది. సోమవారం పొద్దున్నకి లారీ పంపమంటానన్నారు తాతయ్య. అదే ముందు రాయమంది. ఆయనకి ప్రాణం ఒప్పలేదు. క్షేమం అడక్కుండా విషయం మొదలెడితే చావు కబురనుకుని అవతలివాళ్ళు గుండె పట్టుకుంటారని వాదించారు. ఆ మాటా నిజమే, ఆ రోజుల్లో చావు కబురు కార్డులే అంత పొట్టిగా ఉండేవి. అక్క నవ్వలేదు. పెన్సిల్‌తో కార్డు మీద అడ్డంగా ఒక గీత గీసింది. గీతకి పైన లారీ, రోజు, తోట పేరు పెద్ద అక్షరాలతో రాయమంది. గీత కింద ఎంత క్షేమమైనా అడుక్కోమంది. నాలుగు మూలలా బొటనవేలంత ఖాళీ వదిలి, అది నా పసుపుకి అంది. పసుపు చూస్తే చావు కబురని ఎవరూ అనుకోరు కదా.

అబ్బబ్బ, ఆ గీత గీసేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? మొన్న మా ఇంటికొక కాగితం వచ్చింది, ఏ ఆఫీసుదో చెప్పను. రెండు పేజీలు, అక్షరాలు ఆవగింజలు. నేనేం చెయ్యాలో అడుగున బ్రాకెట్లో ఉంది. తాతయ్యే నయం, క్షేమమైనా అడిగేవారు.

కార్డు పూర్తయ్యేసరికి మామ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆవిడకి చదువు రాదు. ఏం రాశారో వినిపించమంది. తాతయ్య గొంతు సవరించుకుని గీత పైనున్నది చదివారు. ఒక్క ఊపిరిలో అయిపోయింది.

"ఇంతేనా అండీ?"

"ఇంతేనమ్మా."

ఆవిడ కోపం లేకుండా, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. "ఇలా రాయడం మీకొచ్చు కదండీ. మరి మొన్నెందుకు రాయలేదు?"

తాతయ్య కళ్ళజోడు తీసేశారు. "నా దస్తూరీ చూసుకున్నానమ్మా. నీ కాయ చూడలేదు" అన్నారు.

సోమవారం పొద్దున్నే లారీ వచ్చింది. ఆ కోత దక్కింది, మొదటిది మాత్రం పోయింది పోయిందే. నేను తరువాత ముప్పై ఏళ్ళు ఒక ఆఫీసులో ఉత్తరాలు రాసి బతికాను. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. పాలవాడికి చీటీ రాసినా సరే, చదవడం రానివాళ్ళకి ఇది వినిపిస్తే నన్నేం అడుగుతారా అని ఒకసారి పైకి చదువుకుంటాను. మంచి మాటలు చాలాసార్లు అందులోంచి కొట్టేయాల్సి వస్తుంది. కొట్టేస్తాను.