చిటికెన వేలి ఉంగరం

“పోరి ఉంగరం కొలత నువ్వు తీయకు, దుకాణపోణ్నే తియ్యనియ్యి.”

“నీ లెక్క దారానికి గంజి పెడ్తననుకున్నవా? పండుకో ఇగ.”

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. జగిత్యాల దవాఖానలో మంచం మీద నుంచి మనవరాలి పెళ్లి ఊసెత్తి మా ఆయన ఆ మాట అన్నాడు, నేను ఈ మాట అన్నాను, ఆయన నవ్వి కళ్లు మూసుకున్నాడు, మళ్లీ తెరవలేదు.

మొన్న కోరుట్ల బంగారు దుకాణంలో మనవరాలి వేలికి కొలత ఉంగరాలు ఒక్కొక్కటే తొడిగి తీస్తుంటే అదంతా గుర్తుకొచ్చింది. ఆమెను చేసుకోబోయే పిల్లవాడు జగిత్యాలలో ఏదో హోటల్లో మోకాలి మీద కూర్చుని, నన్ను చేసుకుంటావా అని అడుగుతాడట. ఎప్పుడు అడుగుతాడో, ఏ ఉంగరంతో అడుగుతాడో, తాను ఏమనాలో అన్నీ ఈమెకు ముందే తెలుసు. నాకు చదువు లేదు, సంతకం ఒక్కటే వచ్చు, అందుకే నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నా ఈడు వాళ్లు వింటే చాలు.

మాది రాయికల్. పెళ్లికి ముందు మా ఇంటి అరుగు మీద బీడీలు చుట్టేదాన్ని, పక్కింటి కోడలు కూడా వచ్చి నా పక్కనే చుట్టేది. ఆమెది చందుర్తి, ఆమె తమ్ముడే మా ఆయన. కల్లు గీసే ఇంట్లో పుట్టి, చెట్టెక్కితే కళ్లు తిరుగుతాయని సిరిసిల్ల పోయి మరమగ్గాల మీద పని నేర్చుకున్నాడు. అక్కను చూడడానికని వచ్చేవాడు గాని, వచ్చిన ప్రతిసారీ ఆయన చెప్పు మా అరుగు ముందే తెగేది. నాకు అర్థం కాకపోలేదు, నేనూ బీడీలు లెక్క తప్పేదాన్ని. అంతలో మా చిన్నాయన ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ నౌకరీ ఉన్న పిల్లవాణ్ని చూసి పెట్టాడు. పక్కింటామె ధైర్యం చేసి మా నాయనను అడిగితే ఆయన ఒకటే చెప్పాడు.

“ఐతారం దాకా ఆగుత. పెద్దమనుషులతోటి వచ్చి బంగారు ఉంగరం తొడిగితే పిల్ల మీదే. లేకుంటే ముత్యంపేటోళ్లకు మాటిస్త.”

ఖాయం కాని సంబంధానికి పిల్ల వేలి కొలత అడగడం మర్యాద కాదు. అందుకని ఆమె బీడీలు చుడుతూ చుడుతూ, పరాచికంలాగా బీడీ దారం నా ఉంగరపు వేలికి చుట్టి, ముడివేసి, మెల్లగా జార్చి కొంగున కట్టుకుంది. నేను ఆకు కత్తిరిస్తూ చూడనట్టే ఉన్నాను. ఆ దారం సిరిసిల్ల చేరింది. ఆయన బుద్ధి మగ్గం బుద్ధి కదా, మెత్తటి దారం జేబులో ఆకారం చెడుతుందని మగ్గం మీది పడుగు దారాలకు పెట్టే గంజిలో ముంచి ఆరబెట్టి, గట్టిపడ్డాక తీసుకుపోయి కోరుట్ల కంసాలి చేతిలో పెట్టాడు. రోజూ దారంతో బతికే మనిషికి, తడిసి ఆరిన దారం కుంచించుకుపోతుందని తట్టనే లేదు.

ఆ ఆదివారం చందుర్తి నుంచి పెద్దమనుషులు వచ్చి చాప మీద కూర్చున్నారు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఉంగరం తొడగబోతే కణుపు దగ్గర ఆగింది. తిప్పాడు, నెట్టాడు, చర్మం ఎర్రబడింది గాని ఉంగరం కదలలేదు.

“చెట్టెక్కుడు రాకపాయె, ఉంగరమన్న ఎక్కిస్తవనుకుంటే గదీ ఎక్కుతలేదాయె,” అన్నాడు మా చిన్నాయన. చాప మీద ఇద్దరు నవ్వారు. “అన్నా, గిది మంచి శకునం కాదు. ముత్యంపేటకు కబురు పంపుదామా?”

మా నాయన తలపాగా సర్దుకుని లేవబోయాడు. ఆయన లేస్తే అయిపోయినట్టే. నా కళ్ల ముందు చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం ఒక్కటే నిలబడింది. వేలు వెనక్కి తీసుకుని చిటికెన వేలు చాపాను. మా ఆయన బిత్తరపోయి చూస్తుంటే అరచేతిలో గోటితో గిచ్చాను, అప్పుడు తొడిగాడు. సరిగ్గా కూర్చుంది.

“గదేంది, చిటికెనేలుకా?” అని అడిగాడు చిన్నాయన.

“మా చందుర్తి దిక్కు గిట్లనే పెడ్తరు మామా,” అంది పక్కింటామె. “ఏడూర్ల పెండ్లిళ్లు చేసినోళ్లు, మీకు తెల్వనిదా?”

“తెల్వకేంది. నేను చూసిన,” అన్నాడు చిన్నాయన.

అలాంటి పద్ధతి ఏ ఊళ్లోనూ లేదు. చందుర్తి పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వారిలో ముసలాయన దగ్గి, “మా తాతల కాన్నుంచి గంతే,” అన్నాడు. మా నాయన మళ్లీ కూర్చున్నాడు. నేను అప్పుడు ఊపిరి తీసుకున్నాను.

తర్వాత నా ఇద్దరు బిడ్డలకూ, ఇది రాస్తున్న కోడలికీ అదే వేలికి పెట్టించాం, మా ఇంటి ఆచారమని. ఇప్పుడు మనవరాలు ఏ వేలికి పెట్టుకున్నా నేను అడగను.

భయం మంచిదని చెప్పను, నాలాగా ఎవరూ ఊపిరి బిగబట్టి నిలబడొద్దు. కాని ఆ రోజుల్లో అడగడమంటే కాదనిపించుకోవడానికి కూడా సిద్ధపడి రావడం, అందుకే ఔనన్న మాట నలభై ఏళ్లు మోసింది. ఇప్పుడు జవాబు ముందు వస్తోంది, అడగడం ఫోటోల కోసం మిగిలింది. పిల్లలు సుఖంగా ఉండాలి, అంతే. అయినా వాళ్లకు చెప్పుకోవడానికి ఏం మిగులుతుందో అని నా రంది.

ఇగ చాలు బిడ్డా, కలం పెట్టు. మొదటి నుంచి చదువు, వింటా. యాడన్న నా మాట నున్నగ దిద్దినవంటే ఆడనే ఆపుత.