మంచు మీద మా చిన్నాయన

మొన్న మంగళవారం పొద్దున పిన్నమ్మ ఫోన్ చేసి, మా చిన్నాయన పోయాడని చెప్పింది. నిద్రలోనే పోయాడట. వడమాలపేటలో ఆయన్ను ఎరగనివారు లేరు. ఆయన ఆడిన ఆటను నమ్మినవారే తక్కువ.

సైన్యంలో చేరిన కొత్తలోనే ఆయన్ను లడఖ్ పంపారు. చలికాలం అక్కడ చెరువులు గడ్డకడితే, అడుగున ఇనుప పట్టీ ఉన్న బూట్లు తొడుక్కుని వాటి మీద హాకీ ఆడతారు. బంతికి బదులు నల్ల రబ్బరు బిళ్ళ. మొదటి చలికాలమంతా పడడంతోనే సరిపోయిందట. తర్వాత పటాలం జట్టులో ఫార్వర్డ్ అయ్యాడు. గోల్ కొట్టడమే ఆయన పని.

ఆ ఆటలో జాలికి చోటు లేదని దాచకుండా చెప్పేవాడు. ఒకసారి అవతలి జట్టువాడు ముక్కు పగిలి పడితే అందరూ ఆగిపోయారు. ఈయన ఆగలేదు. వాడి పక్కనుంచే బిళ్ళను తీసుకుపోయి గోల్ కొట్టాడు. రిఫరీ ఇంకా ఈల వేయలేదు కదా అనేవాడు, గర్వంగానే.

చివరి పోటీ నాటికి మోకాలు వాచింది. కోచ్ సూది వేయించి మరీ ఆటలోకి దించాడు. రెండు గోల్స్ కొట్టాడు. మూడోసారి దూసుకుపోతుంటే ఒకడు భుజంతో గుద్దాడు, మోకాలు మెలికపడింది. జారిపోయిన బిళ్ళను ఆయన ప్రాణస్నేహితుడే అందుకుని గోల్ కొట్టాడు. జట్టంతా అటువైపు చేరి గెంతులు వేసింది. ఈయన మంచు మీద అలాగే పడి ఉన్నాడు.

కోపం రాలేదా చిన్నాయనా అని అడిగాను.

"వాడు చేసింది సరే పాపా. నేనైనా అదే చేసుంటా," అన్నాడు. మళ్లీ ఆయనే, "ఒకసారన్నా తిరిగి సూస్తాడనుకున్నా," అన్నాడు.

మరుసటి చలికాలం ఆయన నంబరు చొక్కా వేరొకడికిచ్చారు. కుంటుతూ ఊరు చేరాడు. ఎండలు మండిపోతుంటే టీ అంగడి దగ్గర మంచు మీద ఆట గురించి చెబితే నవ్వేవారు. ఉన్న ఒక్క ఫోటోలో ముఖానికి హెల్మెట్ ఇనుప జాలీ అడ్డం. అది నువ్వేనని ఎట్ల నమ్మేదప్పా అనేవారు. కొన్నాళ్లకు చెప్పడమే మానేశాడు.

నాకు సైకిల్ నేర్పింది ఆయనే. పడితే లేపేవాడు కాదు. నేను లేచేదాకా మాత్రం కళ్లు తిప్పేవాడు కాదు.

పోయిన నెల వెళ్లినప్పుడు నా ఫోన్లో ఏదో దేశం మంచు హాకీ మ్యాచ్ పెట్టిచ్చాను. ఒక ఆటగాడు మంచు చుట్టూ కట్టిన గోడకు కొట్టుకుని పడ్డాడు. ఆట సాగిపోయింది. చిన్నాయన వేలితో వీడియోను వెనక్కి జరిపాడు. చూసి, మళ్లీ జరిపాడు. పడినవాడు లేచాడో లేదో ఆయనకు కావాలి. ఎన్నిసార్లు జరిపినా కెమెరా బిళ్ళ వెంటే పోయింది.