కండక్టర్‌కి సీటు లేని కారు

పెదనాన్న పోయారన్న కబురు పెద్దమ్మే ఫోన్ చేసి చెప్పింది. అప్పుడే తెల్లారుతోంది. "మీ పెదనాన్న ఇక లేవరే. వచ్చేటప్పుడు పాల ప్యాకెట్లు ఎక్కువ పట్టుకురా, వచ్చేవాళ్ళకి కాఫీలు కావాలి" అంది. గొంతులో ఏడుపు లేదు. చాలాకాలంగా సరిగ్గా నిద్రపోని మనిషి గొంతు అది. యూసుఫ్‌గూడలో ఆటో ఎక్కి, పాల ప్యాకెట్లు ఒళ్ళో పెట్టుకుని జూబ్లీ హిల్స్ ఎత్తు ఎక్కుతుంటే నాకూ ఏడుపు రాలేదు. ఒళ్ళంతా నీరసంగా అనిపించింది, అంతే. ఏడుపు తర్వాత వచ్చింది. ఆ సంగతి చెప్తాను.

మీలో చాలామందికి ఆయన తెలియరు. సినిమా ఎడిటర్. తెరమీద ఆయన పేరు పడే వేళకి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. కానీ ఫిల్మ్‌నగర్‌లో 'ఎడిటర్ గారు' అంటే తెలియనివాళ్ళు ఉంటారేమోగానీ, 'ఆ పాత కారు పెద్దాయన' అంటే తెలియనివాళ్ళు లేరు. ముదురు ఆకుపచ్చ రంగు, రెండే సీట్లు, పైన టాపు లేని ఇంగ్లండు స్పోర్ట్స్ కారు. పొడుగాటి ముక్కు, సైకిలుకున్నట్టు చువ్వల చక్రాలు. అందులో కూర్చుంటే రోడ్డుమీద పీటేసుకుని కూర్చున్నట్టుండేది. పక్కన సిటీ బస్సు వచ్చి ఆగితే దాని చక్రం మన చెవి దగ్గరుండేది.

ఆ కారు ఆయనకి సినిమావల్లే దొరికింది. సగంలో ఆగిపోయిన సినిమా ఒకటి ఆయన బల్లమీదికి వచ్చింది. అందులో ఒక పాటలో హీరో ఈ కారు నడుపుతుంటే, పక్కన హీరోయిన్ ఎగిరే జుట్టుకి కొంగు చుట్టుకుని నవ్వుతుంది. సినిమా ఎటూ బయటికి రాలేదు. కారు మాత్రం స్టూడియో వెనకాల విరిగిన సెట్టు చెక్కల మధ్య పడి ఉంది. సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్నాయి. పెదనాన్న వెళ్ళి అడిగి కొనుక్కున్నారు.

"ఆ షాటు చూసీ చూసీ కొన్నానమ్మడూ" అనేవారు నాతో. "మీ పెద్దమ్మని అలా పక్కన కూర్చోబెట్టుకుని జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దాకా ఒక్కసారి వెళ్ళొస్తే చాలు. ఇంకేం అక్కర్లేదు."

నాకు తెలిసి ఆయనకి తీరకుండా మిగిలిపోయిన కోరిక అదొక్కటే. పెద్దమ్మ ఆ కారెక్కలేదు. ఎప్పుడడిగినా "సవతి ఒళ్ళో కూర్చోమంటారా?" అనేది. చుట్టాలందరం పగలబడి నవ్వేవాళ్ళం. పెదనాన్న కూడా నవ్వేవారు, అందరికంటే కాస్త ఆలస్యంగా.

ఆ షాటులో కూడా కారు తనంతట తాను నడవలేదట. అదీ ఆయనే చెప్పారు. "ఫ్రేములో ఇద్దరే కనపడతారు. ఫ్రేము బయట పదిమంది వంగి తోస్తుంటారు. వాళ్ళ చేతులు ఎక్కడ కనిపిస్తాయో వెతికి కత్తిరించడమే నా ఉద్యోగం" అని.

అది నడవకపోవడానికి కారణాలు నేను చెప్పలేను. ఆయనా ఒకచోట స్థిరంగా చెప్పలేదు. సెల్ఫ్ ఒకరోజు పలికితే నాలుగు రోజులు అలిగేది. హ్యాండ్ బ్రేకు పట్టేది కాదు. కావాల్సిన సామాను ఇంగ్లండు నుంచి రావాలి. వచ్చింది ఒక్కోసారి వేరే ఏడాది కారుకి సరిపోయేది. అందుకని ఆయన ఒక ఉపాయం పట్టారు. ఎప్పుడూ వాలులోనే ఆపడం. రెండో గేరులో వేసి, క్లచ్ తొక్కి, బండిని కిందికి వదిలేసి, వేగం అందుకోగానే క్లచ్ వదిలితే ఇంజను లేస్తుంది. జూబ్లీ హిల్స్ అంతా ఎత్తుపల్లాలే కాబట్టి సరిపోయింది. వాళ్ళ ఇంటి జాగా కొన్నప్పుడు అక్కడ రాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీ లేవు. అందరూ వాస్తు చూసి కొంటే ఈయన వాలు చూసి కొన్నారని మా నాన్న జీవితాంతం దెప్పారు. "ఈశాన్యం తగ్గితే ఏమవుతుందో నాకు తెలీదురా, వాలు తగ్గితే మాత్రం నేను ఆఫీసుకి వెళ్ళలేను" అనేవారు పెదనాన్న.

రోజూ పొద్దున జరిగే తతంగం నేను చిన్నప్పట్నించీ చూశాను. మెట్ల ముందు కారు, గేటు వైపు ముఖం పెట్టుకుని ఉంటుంది. ముందు చక్రం కింద ఒక ఇటుక. పెదనాన్న ఎక్కి కాలి బ్రేకు తొక్కి పట్టుకునేవారు. పెద్దమ్మ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, వంగి ఇటుక తీసి పక్కన పెట్టేది. తర్వాత వెళ్ళి గేటు తీసేది. వాళ్ళ గేటు బయట రోడ్డు మలుపు తిరిగి ఉంటుంది, వచ్చే బండి కనపడదు. కారు ఒకసారి కదిలాక మధ్యలో ఆగితే ఇంజను లేవదు. అందుకని పెద్దమ్మ రోడ్డు మధ్యకి వెళ్ళి, అటూ ఇటూ చూసి, చెయ్యెత్తి బస్సు కండక్టరులా "రైట్!" అని అరిచేది. కారు చప్పుడు లేకుండా జారుకుంటూ గేటు దాటేది. కింద మలుపులో ఇంజను దగ్గి, లేచేది. ఆ చప్పుడు విన్నాక ఆవిడ గేటు వేసుకుని లోపలికి వచ్చేది.

ఒకసారి కారు కడిగే మనిషి ఇటుక జరిపాడు. కారు ఒంటరిగా గేటు దాటి ఎదురింటి ప్రహరీకి ముక్కు గుద్దుకుంది. అప్పట్నించి ఆ ఇటుకమీద ఇంకో చెయ్యి పడనివ్వలేదు పెద్దమ్మ. తర్వాత వాచ్‌మన్ వచ్చినా సరే, ఇటుక తనదే, గేటు తనదే, రైటూ తనదే.

వాలు లేనిచోట ఆగిపోతే జనమే దిక్కు. ఒకసారి నేను పక్కన ఉండగా కృష్ణానగర్ సందులో ఆగిపోయింది. ఒంటిమీద జరీ చొక్కాలతో షూటింగ్‌కి పోతున్న డాన్సర్లు చుట్టూ మూగారు. "కొంచెం తోయండి నాయనా" అన్నారు పెదనాన్న. వాళ్ళలో ఒకడు నవ్వి, "ఫికర్ జెయ్యకు పెద్దసారూ, గట్టిగ స్టీరింగ్ పట్టుకో. మేం నూకుతం" అన్నాడు. నూకారు. ఇంజను లేవగానే వాళ్ళు వెనక నిలబడి చప్పట్లు కొట్టారు. పెదనాన్న ఆగి థాంక్స్ చెప్పలేదు, చెప్పలేరు. చెయ్యి మాత్రం పైకెత్తి ఊపారు. "ఆగితే మళ్ళీ మొదటికొస్తుందమ్మడూ" అన్నారు నాతో, తప్పు చేసినవాడిలా.

నేను టీవీ సీరియల్‌కి మాటలు రాస్తాను. పని ఒత్తిడి తట్టుకోలేక ఆ ఇంటికి వెళ్ళి మెట్లమీద కూలబడితే, ఆయన కారు తుడుస్తూ నాకు వినపడేలా చెప్పుకునేవారు. "ఎక్కడ ఆపుతున్నామో చూసుకోవాలి. వాలులో ఆపితే పొద్దున్నే మళ్ళీ బయల్దేరొచ్చు." సీను మధ్యలో, తర్వాతి మాట తెలిసినచోట ఆపి పడుకోమని దానర్థం. ఇప్పటికీ అలాగే ఆపుతున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్నది అంతకన్నా పెద్దది ఏమీ లేదు. ఆ చిన్నదే నన్ను ఈ ఉద్యోగంలో ఇన్నేళ్ళు నిలబెట్టింది.

చివరి రోజుల్లో చూపు మందగించింది, డాక్టరు కారు ముట్టుకోవద్దన్నారు. అయినా పొద్దున్నే వచ్చి అందులో కూర్చునేవారు. పెద్దమ్మ కాఫీ తెచ్చి చేతికిచ్చి నిలబడేది. "ఇవాళైనా ఎక్కవే" అనేవారాయన. "ముందు అది కదలనివ్వండి, తర్వాత చూద్దాం" అనేది. వాళ్ళిద్దరి ముఖాల్లోనూ ఒకటే అలసట. ముసలివాళ్ళయ్యాక ఆలుమగల ముఖాలు ఒకటయిపోతాయేమో.

పోయిన రోజున ఇంటినిండా జనం. వైకుంఠ రథం రోడ్డుమీద మలుపు దగ్గర ఆగింది. మెట్లకీ గేటుకీ మధ్య కారు అడ్డుగా ఉంది. వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, గాడీ జర ముందటికి నూకుదమా?" అని అడిగాడు. పెద్దమ్మ ఆడవాళ్ళ మధ్యనుంచి తలెత్తి, "వద్దు. పక్కనుంచి తీసుకెళ్ళండి" అంది. మావాళ్ళు ఆయన్ని మోసుకుని, కారుకీ గోడకీ మధ్య ఒరుసుకుంటూ వెళ్ళారు. మా తమ్ముడు కుండ పట్టుకుని ముందు నడిచాడు. పెదనాన్నకి పిల్లల్లేరు.

బండి తలుపులు వేశారు. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. అప్పుడు పెద్దమ్మ, ఎవరూ పట్టుకునేలోపే, గేటు దాటి రోడ్డు మధ్యకి వెళ్ళింది. ఎవరో "అయ్యో, పట్టుకోండమ్మా" అన్నారు, మీద పడి ఏడుస్తుందనుకుని. ఆవిడ ఏడవలేదు. మలుపు వైపు చూసింది. ఇటువైపు చూసింది. చెయ్యి సగం ఎత్తి, "రైట్" అంది. చిన్నగా, మామూలుగా. అలవాటు కొద్దీ వచ్చేసిన మాట. వచ్చాక తనే బిత్తరపోయి చెయ్యి దించుకుంది. బండి కదిలింది. నాకు ఏడుపు వచ్చింది అప్పుడే.

ఆ తర్వాత రోజుల్లో పరామర్శకి వచ్చినవాళ్ళందరూ కారు దగ్గర ఒక నిమిషం నిలబడి, దాన్నేం చేస్తారని అడిగారు. ఒక సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చినతను సంతాపం చెప్పిన నోటితోనే, "అమ్మా, పాతకాలం కథండీ మాది, ఒక్క పాటకి ఇస్తారా?" అన్నాడు. పెద్దమ్మ "అది నడవదు బాబూ" అంది. "నడవక్కర్లేదండీ, మావాళ్ళు తోస్తారు" అన్నాడు. "అయితే అసలే వద్దు" అంది. అతనికి అర్థం కాలేదు. నాకూ అప్పటికి అర్థం కాలేదు.

కర్మలన్నీ అయిపోయి, చుట్టాలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక, ఒక సాయంత్రం ఆ కారుమీది దుమ్ము తుడుస్తున్నాను. పెద్దమ్మ మెట్లమీద కూర్చుని చూస్తోంది. ఉండబట్టలేక అడిగేశాను.

"ఒక్కసారి ఎక్కి ఉంటే ఏం పోయేది పెద్దమ్మా? అంత పట్టుదలేంటి?"

"పట్టుదలా?" అని నవ్వింది. నవ్వడానికి కూడా ఓపిక లేనట్టుంది. "ఇటుక తీసేదెవరు? గేటు తీసేదెవరు? రోడ్డుమీద నిలబడి రైట్ చెప్పేదెవరు? నేను రైట్ అంటేగా ఆయన వదిలేది! కదిలే కారులోకి ఎగిరి దూకడానికి నేనేమన్నా హీరోయిన్నా?"

"మరి సవతీ సవతీ అనేదానివి?"

"అంటే అందరూ నవ్వుతారు. నవ్వాక ఇంక అడగరుగా."

తర్వాత తనే చెప్పింది. "కింద మలుపులో ఇంజను అందుకున్న చప్పుడు ఇక్కడికి వినపడుతుంది. అక్కడ ఒక్క నిమిషం ఆగుంటే, గేటేసుకుని నడిచి వెళ్ళి ఎక్కేదాన్నే. కొత్తల్లో చాలాసార్లు చూశాను కూడా, ఇలా గేటు పట్టుకుని. ఆయన ఆగలేదు. ఆగితే మళ్ళీ బయల్దేరదని భయం. చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయేవారు."

"చెప్పొచ్చు కదా పెద్దమ్మా!"

"చెప్పించుకుని ఆగితే ఏం బాగుంటుందే? తర్వాత్తర్వాత మోకాళ్ళు పోయాయి. ఇంక చెప్పినా లాభం లేదు."

ఫ్రేము బయటి చేతుల్ని వెతికి వెతికి కత్తిరించిన మనిషి మా పెదనాన్న. ఆయనమీద నాకు కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళూ ఆయన ఆవిడ ఎక్కదనుకున్నారు, ఆవిడ ఆయన ఆగరనుకుంది. ఇద్దరూ ఎదురుచూస్తూనే ఉన్నారు.

పెద్దమ్మ మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని లేచింది. "ఆ తలుపు తియ్యి" అంది. నేను చక్రం దగ్గరికి వంగబోయాను.

"ఇటుక తియ్యకు. ఇప్పుడప్పుడే బయటికి అడుగు పెట్టకూడదంటున్నారు పెద్దవాళ్ళు. ఇది గేటు లోపలేగా, ఫరవాలేదు."

నా భుజం పట్టుకుని, మూలుగుతూ, మెల్లగా ఎడమ సీటులోకి దిగింది. పక్క సీటు వైపు చూడలేదు. "ఇంత కిందికుంటుందా ఇది! గేటు ఎంత పొడుగ్గా కనపడుతోందో" అంది. కొంచెంసేపయ్యాక, "వెళ్ళి రోడ్డు చూడవే" అంది.

వెళ్ళి గేటు తీశాను. రోడ్డు మధ్యలో నిలబడ్డాను. కింది నుంచి భోజనాలు పట్టుకొచ్చే కుర్రాడి బైకు ఒకటి ఎత్తు ఎక్కుతూ వస్తోంది. అది నన్ను దాటి వెళ్ళేదాకా ఆగాను. మలుపు వైపు చూశాను, ఇటువైపు చూశాను. చెయ్యెత్తి, "రైట్, పెద్దమ్మా" అన్నాను.

కారు కదల్లేదు. ఇటుక చక్రం కిందే ఉంది. చెట్టుమీద ఆకు కూడా ఊగడం లేదు. పెద్దమ్మ కొంగు తలచుట్టూ తిప్పుకుని, గడ్డం కింద గట్టిగా పట్టుకుని, కింద మలుపు వైపే చూస్తూ కూర్చుంది.